అద్దం మీద పేర్లు

పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డు మీద
మునిరత్నం గారి రేడియో షాపు.
పదకొండేళ్ల నాకు అక్కడ ఉద్యోగం:
టీ తేవడం, విప్పిన మరలు సీసామూతల్లో పోసి
ఏ మూత ఏ సెట్టుదో మరిచిపోకుండా ఉండడం.

అరవై ఏడు. పెరటాశి మూడో శనివారం.
నామం పెట్టుకుని, ఒంటిపొద్దుతో,
సోల్డరింగు పొగలో ఆయన కళ్లు చికిలించి ఉండగా
కార్వాలో దొర రిక్షా దిగాడు.
తువ్వాల చుట్టిన సెట్టు మీదే గొడుగు,
తను మాత్రం వానలో.
ముప్పైయేళ్లు రైలింజను తోలిన మనిషి,
పింఛను వచ్చినా గోళ్ల సందుల్లో బొగ్గు వదల్లేదు.

"ఏం పాడైంది దొరా?"
"ఏమీ పాడవలేదు. పేర్లు మార్చాలి."

క్రాయిడన్ నుంచి చెల్లెలు రాసిన నీలం ఉత్తరం విప్పి
సగం ఇంగ్లీషులో, సగం అరవంలో చదివాడు.
మునిరత్నం గారు నా కోసం తెలుగు చేశారు:
అక్కడ స్టేషన్లకి పేర్లు తీసేశారట.
లైట్ అనేది ఇకనుంచి రెండు.
హోమ్ అనేది నాలుగు.
థర్డ్‌కి మాత్రం బెంగ లేదు, పుట్టినప్పుడే అంకె.
నడిసముద్రంలో ఓడెక్కి, లైసెన్సు లేకుండా
పాటలు వేసిన కుర్రాళ్ల నోరు ఆగస్టులో నొక్కి,
అందులోనే కొందరిని ఒడ్డుకి పిలిచి
కుర్చీలేసి కూర్చోబెట్టారట. అది ఒకటి.
"నాలుగు అని వినబడగానే, చార్లీ,
ఆస్పత్రిలో టోకెను పిలిచారనుకుని
లేచి నిలబడ్డాను" అని చివర్న చెల్లెలు.

వెనక అట్ట ఊడదీసి అద్దం బయటికి లాగాం.
పసుపుపచ్చ అక్షరాలు, లోపలివైపు అచ్చు.
గీకితే పేరు పోతుంది, సరే,
ఆ కంతలోంచి బల్బు నేరుగా కంట్లో పొడుస్తుంది.
ఎదురింటి స్టెల్లా దగ్గర గోళ్లరంగు తెమ్మన్నారు.
పేర్లు కప్పుతూ, వాళ్ల నాన్న చిట్టాపుస్తకంలో
వేసే అంకెలు వేశారు, ఊపిరి బిగబట్టి:
౨, ౩, ౪.

దొర కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.
"ఇదేంటి?"
"నాలుగు."
"మా చెల్లెలికి అర్థం కాదే."
"ఆమె ఈ అద్దం చూడదుగా."

ఆ ఏడాది బోర్డులు రాసేవాళ్లకి క్షణం తీరిక లేదు.
రాష్ట్రానికే కొత్త పేరు కావాలని సభలో తీర్మానం.
ఏ ఊరు అని ఎవరడిగినా మా నాన్నమ్మ మాత్రం
ఎప్పట్లాగే చెన్నపట్నం అనేది.

అద్దం బిగించి, స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి
ముల్లుని నాలుగు మీదికి తెచ్చాం.
హోరు.
హోమ్ అని ఉన్నప్పుడూ అంతే.
మదరాసులో ఆ చోట ఏనాడూ ఎవరూ పలకలేదు.
రాత్రిళ్లు ఆయన వినే లండను వేరే బ్యాండులో,
మునుగుతూ తేలుతూ వచ్చేది.
తెలిసీ దొర జాలీకి చెవి ఆనించి
నా టీ చల్లారేంతసేపు విన్నాడు.
"మారింది" అన్నాడు.

"మరి ఒకటి?" అన్నాను నేను.
అద్దం మీద దానికి చోటు లేదు.
కుంచెకి మిగిలిన ఎరుపుతో మునిరత్నం గారు
అంచున, ఏ ఊరి పేరూ లేని దగ్గర,
చిన్న ౧ చుట్టారు.
"కూలి మూడింటికే. ఇది ఊరికే."

ముల్లు అక్కడికి తిప్పితే హోరులో
టక్కు టక్కు, టకటక, టక్కు.
"పాటల ఓడా?"
రైల్వేలో తంతి నేర్చిన చెవి వంచి
దొర వేలితో బల్ల మీద కొట్టుకుంటూ విన్నాడు.
"కాదురా. హార్బరు బయట బొగ్గు ఓడ.
లోపలికి ఎప్పుడు రానిస్తారని అడుగుతోంది."